పెళ్లినాటి ఆది జాకెట్లు

మహాదేవవ్వ చెయ్యి అంగీలో మోచేతి దగ్గర ఇరుక్కుపోయినచోట పోయిన వారం మనం ఆగాం. పాపం, ఆ పెద్దావిడ వారం రోజులుగా చెయ్యి పైకెత్తుకునే నిలబడి ఉందనుకోండి. ఆమెను ఎక్కువసేపు నిలబెట్టడం మర్యాద కాదు గనక, మధ్యలో వచ్చి కూర్చున్నవారికి రెండు మాటలు చెప్పి వెంటనే కథలోకి వెళ్లిపోదాం.

రాయచూరు తీన్ కందీల్ కూడలి దగ్గర లేడీస్ టైలర్ చెన్నప్ప కూతురు చంద్రిక. కృష్ణ ఒడ్డున థర్మల్ ప్లాంటు కాలనీకి అకౌంట్స్ ఆఫీసరు భార్యగా వచ్చిపడిన ప్రవల్లిక, హైదరాబాదులో బొమ్మలు వేయడం చదువుకున్న మనిషి. జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్లి మొదలైన స్నేహం వాళ్లది. ఇద్దరూ కలిసి కాలనీ లేడీస్ క్లబ్బు వార్షికోత్సవానికి ఎక్కడా లేని ఫ్యాషన్ షో ఒకటి తలపెట్టారు. అందులో నడిచేది కాలనీ ఆడవాళ్లే, ఎవరి ఒళ్లు ఎలా ఉంటే అలాగే. ఒక్కొక్కరికీ చీరమీద వేసుకునే తెల్లటి పొడుగు అంగీ, ఒంటికి పట్టినట్టు చంద్రిక కుడుతుంది. ఆ బట్ట కింద ఏ మచ్చ ఉందో, ఏ కోత ఉందో, ఏ పచ్చబొట్టు ఉందో, సరిగ్గా ఆ చోటున ప్రవల్లిక దాన్ని బొమ్మగా వేస్తుంది. షో నెగ్గితే క్లబ్బు పక్కన తాళం వేసి ఉన్న గదిని ఇద్దరికీ పని చేసుకోవడానికి ఇస్తానని ప్రెసిడెంటు హేమగారు మాటిచ్చారు. నెగ్గకపోతే చంద్రిక మళ్లీ నాన్న కొట్టుకు పోయి హుక్కులు కుట్టుకోవాల్సిందే. ఆ గది తాళం గురించి చంద్రికకు కలలు కూడా వస్తున్నాయి.

అదీ సంగతి. ఇక అవ్వ చెయ్యి దించుదాం.

"అవ్వా, జర కదలకు. బట్ట చినుగుతది," అంది చంద్రిక.

"చెయ్యి నాది, నేనెట్ల తీసేసుకుంటనే? అంగీ నీది, నువ్వే తీసుకో," అంది మహాదేవవ్వ. కాలనీ గేటు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్మే మనిషి. ఆమె ముంజేతుల నిండా పచ్చబొట్లే. తులసికోట, తేలు, చుక్కల వరస. ఆ చుక్కల కోసమే ప్రవల్లిక వారం రోజులు ఆకుపచ్చ రంగు కలిపింది. ఇప్పుడా రంగు చేతిమీద పడాల్సినచోట పడకుండా మోచేతి కింద వేలాడుతోంది.

అవ్వ ఒక్కర్తే అయితే సరిపోయేది. కాలనీ ఆస్పత్రిలో ఆయాగా చేసే బసమ్మకు ముందువైపు హుక్కులు ఒకదాన్నొకటి చూసుకోను కూడా చూసుకోవడం లేదు. ఆమె పొట్టమీది ఆపరేషన్ కోతను ప్రవల్లిక కాలువగా మార్చి, రెండువైపులా పచ్చటి వరిమడులు వేసింది. బసమ్మది కాలువ నీళ్ల ఊరు తుర్విహాళ కదా మరి. ఆ కాలువ ఇప్పుడు రెండు ఒడ్లుగా విడిపోయి చెరో పక్కకు పోయింది. స్కూలు టీచరు పంపమ్మకు భుజాలు దిగలేదు. మిగతావాళ్ల సంగతి చెప్పకపోవడమే మేలు. రాష్ట్రానికి కరెంటు పంపించే ఊళ్లో క్లబ్బు ఫ్యాను మాత్రం తిరగదు, అందుకని అందరూ చెమటలు కక్కుతూ సగం తొడిగిన అంగీల్లో నిలబడ్డారు.

హేమగారు కుర్చీలోంచి లేచారు. ఎంత ఉక్కపోసినా రెండు భుజాల చుట్టూ కొంగు కప్పుకుని పిన్ను పెట్టుకునే మనిషి. మాట మెత్తగానే ఉంటుంది గానీ, ఆ మెత్తదనం వెనక గోడ ఉంటుంది.

"ఒక్కటి కూడా సరిపోలేదా చంద్రికా?"

చంద్రిక అవ్వ మోచేతి దగ్గర బట్టను ఇంకోసారి లాగి చూసింది.

"ఎల్లుండే వార్షికోత్సవం. నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను, పట్టుచీరలు కట్టుకుని వరసగా నడిస్తే చూడముచ్చటగా ఉంటుందని. మచ్చలూ కోతలూ స్టేజీ మీద పెడదామన్నారు, సరేనన్నాను. కనీసం కొలతైనా కుదరాలి కదమ్మా."

అప్పటిదాకా చంద్రికను ఆకాశానికెత్తిన ఆడవాళ్లు ఆడలేక మద్దెల ఓడన్నట్టు తలా ఒక మాట వేశారు. రాయచూరు కత్తెరకు ఏం తెలుస్తుందని ఒకరు, బట్ట ఉతికితే ముడుచుకుపోయి ఉంటుందని ఒకరు. చంద్రిక చిన్నప్పటినుంచీ మిషను చప్పుడు వింటూ నిద్రపోయిన పిల్ల. కొలత తప్పిందన్న మాట ఆమెకు దొంగ అన్నమాట కంటే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ట్రంకు దగ్గరికి పోయి ఆది జాకెట్లన్నీ బయటికి తీసింది. చెన్నప్ప కొట్లో టేపు మెడలో వేలాడడమే గానీ ఏ ఆడమనిషినీ తాకి ఎరగదు. పరదా వెనకనుంచి ఒక చెయ్యి పాత జాకెట్టు అందిస్తుంది, అదే ఆది. దాని ప్రకారం కొత్తది కుడతాడు. "ఆదిని మించిన కొల్త లేదు బిడ్డా" అనేది చెన్నప్ప వేదం. చంద్రిక కూడా ఈ షోకు అందరినీ తలా ఒక ఆది ఇమ్మని అడిగింది, ఇచ్చారు, కుట్టింది.

బసమ్మ ఆదిని బసమ్మ అంగీ మీద పరిచి చూసింది. భుజానికి భుజం, చంకకు చంక, నడుముకు నడుము. నూలుపోగంత తేడా లేదు. పంపమ్మది పరిచింది. అదీ అంతే.

తన తప్పు కాదని తెలిసి ఊపిరి పీల్చుకోబోతుంటే కలరా ఉండల వాసన ముక్కుకు తగిలింది. జాకెట్టు మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. రోజూ తొడిగే జాకెట్టుకు చంకలో మరక ఉంటుంది, హుక్కుల దగ్గర దారం తెల్లబడి ఉంటుంది. వీటికి అవేమీ లేవు. పైగా చేతులకు బుట్టలు. ఆ బుట్టచేతులు నాన్న కొట్లో ఎప్పటి ముచ్చటో ఆమెకు బాగా గుర్తు, అప్పుడు ఆమె లంగా వేసుకుని గుండీలు ఏరుకునేది.

"బసమ్మక్కా, గీ జాకెట్టు ఎప్పటిది?"

"మొన్నటిదే."

"మొన్నంటే?"

"మొన్ననే అంటున్న గద. మా చిన్నోడు పుట్టకముందు."

"చిన్నోడిప్పుడు ఏం చేస్తుండు?"

బసమ్మ గోడకేసి చూసింది. "ఐటీఐల చేరిండు."

ఎవరో కిసుక్కుమన్నారు. చంద్రిక ఇంకో జాకెట్టు ఊరికే పైకెత్తింది, ఎవరినీ ఏమీ అడగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు పంపమ్మ ముందుకొచ్చింది.

"నాది పెళ్లికి కుట్టించిందే, ఒప్పుకుంటాను. కానీ అప్పటికీ ఇప్పటికీ నేనేమంత మారలేదు కదా."

దానికి జవాబు చెప్పాల్సి వస్తుందని అందరూ ఒక్కసారిగా తిరగని ఫ్యానువైపు చూశారు.

"నువ్వు, అవ్వా?"

"నన్నడగకు తల్లీ. నేనెప్పుడు జాకెట్టు తొడిగిన? అన్నీ ముడి రవికలే. నువ్వు ఆది తెమ్మంటివి. అందుకే మా మనవరాలి పెట్టెల ఉన్నవాట్ల బాగున్నది చూసి తెచ్చిన. తక్కువది ఇస్తే నీ మర్యాద ఏం కావాలె?"

తిలాపాపం తలా పిడికెడు. కడుపుమీది కోత విప్పి చూపించడానికి సిగ్గుపడని బసమ్మ నడుము దగ్గర అబద్ధమాడింది. మెడమీది పుట్టుమచ్చను ద్రాక్షగుత్తిగా వేయమని తనంతట తానే అడిగిన పంపమ్మ, పెళ్లినాటి పెట్టె తెరిచి అందులోని నాజూకు పిల్లను తెచ్చి తానేనంది. మచ్చలు ఎవరికైనా చూపిస్తారు గానీ కొలత మాత్రం ఆ పాత పెట్టెలోనే ఉండాలి.

హేమగారు నవ్వలేదు. పెదవులు బిగించి, గొడుగు అందుకుని గుమ్మంవైపు నడిచారు. "సాయంత్రం షిఫ్టు సైరన్ లోపల ఏదో ఒకటి తేల్చి చెప్పండి. లేకపోతే పట్టుచీరలే," అని వెళ్లిపోయారు.

ఆమె వెళ్లగానే చంద్రిక విరుచుకుపడింది. "మీ అందరికీ నేనేం పాపం చేసిన? నిజం ఆది ఇయ్యాలంటే మీ సొమ్మేం పోతది? నా గది పాయె, నా పేరు పాయె. మా నాయన ముంగట ఏం మొకం పెట్టుకోని నిలబడాలె?"

ఎవరూ తలెత్తలేదు. ఎత్తింది ప్రవల్లిక ఒక్కతే. రంగుల చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిదానంగా వచ్చి ఎదురుగా నిలబడింది.

"వాళ్లను తర్వాత తిడుదువు గాని, నాకొకటి చెప్పు. మీ నాన్నగారంటే మగవాడు, టేపు పెట్టలేరు, అందుకని ఆది అడిగారు. నువ్వు ఆడదానివే కదటే. నువ్వెందుకు టేపు పెట్టలేదు?"

"మా ఇంట్ల గట్లనే చేస్తరు."

"మీ ఇంట్లో బట్టమీద బొమ్మలు కూడా వెయ్యరుగా. మరి అది చేశావే."

చంద్రిక ట్రంకు మూత వేయబోయింది. ప్రవల్లిక చెయ్యి అడ్డం పెట్టింది. అడుగున ఇంకొక అంగీ మిగిలి ఉంది, దానిమీద ఇంకా బొమ్మ పడలేదు. అది చంద్రికది. చివర్లో కుట్టినవాళ్లు కూడా నడవాలని ఇద్దరూ ముందే అనుకున్నారు.

"దీనికి ఏ ఆది పెట్టావు?" అంది ప్రవల్లిక.

"నా కొల్త నాకు తెల్వదా?"

"అయితే తొడుక్కో, చూద్దాం."

గదిలో అంతమంది ఆడవాళ్లు ఒక్కసారిగా తలలెత్తారు. ఎప్పుడూ ముదురురంగు వదులు జుబ్బాల్లో, భుజాలు ముందుకు వంచుకుని నడిచే పిల్ల చంద్రిక. లావుపాటి పిల్ల అని ఊరు అనకముందే తనే ఏదో జోకు వేసి తప్పించుకునే రకం. ఊరందరి నడుములూ చేత్తో కత్తిరించింది గానీ, తన నడుము ఎంతో ఇంతవరకూ ఎవరినీ తెలుసుకోనివ్వలేదు. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఇందాక అరిచిన అరుపంతా గాలికి పోతుంది. అంగీ అందుకుంది. ఒక చెయ్యి దూర్చింది. రెండో చెయ్యి సగం దాకా వచ్చి, ఇంక రానని మొరాయించింది.

రెండు చేతులూ రెక్కల్లా వెనక్కి విరుచుకుపోయి, చంద్రిక అలాగే నిలబడింది.

"ఇంటర్ల ఉన్నప్పటి జాకెట్టు," అంది చివరకు, చాలా చిన్న గొంతుతో.

ముందు నవ్వింది మహాదేవవ్వ. పళ్లులేని నోరంతా తెరిచి నవ్వింది. తర్వాత బసమ్మ, ఆ తర్వాత పంపమ్మ. ఆ నవ్వులో ఎగతాళి లేదు, మన బండిలోనే ఎక్కావా తల్లీ అన్న పలకరింపు ఉంది. చంద్రికకు మొదట ఏడుపొచ్చింది, సగంలో అదే నవ్వయిపోయింది. ప్రవల్లిక అంగీ లాగి చేతులు విడిపిస్తుంటే కళ్లు తుడుచుకోవడానికి కూడా వీల్లేక, కన్నీళ్లు కారుస్తూనే నవ్వింది.

"భయపడిన ప్రవల్లీ," అంది. "టేపు బయటికి తీస్తే ముందుగాల నిన్ను కొల్చుకో అంటరేమోనని. అందుకే ఆది అడిగిన. మా నాయన పేరు అడ్డం పెట్టుకున్న."

"ఇప్పుడేం చేద్దామే? కుట్లు విప్పి వదులు చేద్దామా?"

"లోపల వదిలిన మడత ఏం సరిపోతది? బసమ్మక్కకు అది ఏ మూలకూ రాదు."

అంటూ బసమ్మవైపు తిరిగిన చంద్రిక, అక్కడే ఆగిపోయింది. హుక్కులు కలవని అంగీ రెండు అంచుల మధ్యనుంచి బసమ్మ పాత నూలుచీర కనిపిస్తోంది. ఉతికి ఉతికి మెత్తబడిన నీలం చీర. రెండు తెల్లటి ఒడ్ల మధ్య ఆ నీలం, ప్రవల్లిక వేసిన కాలువకంటే కాలువలా ఉంది.

"విప్పొద్దు," అంది. "ఒక్క కుట్టు గూడ విప్పొద్దు. గీ తెల్లది పెళ్లినాటి మనిషి. ఉండనీ. పక్కలు చీరి, మధ్యల ఎవరి పాత చీర వాళ్లది ఏస్త. రోజూ కట్టేది, వంటింట్ల చెయ్యి తుడుచుకునేది. అప్పటినుంచి ఇప్పటిదాక మనిషి ఎంత పెరిగిందో, అంత వెడల్పు."

"దాచకుండానా?" అంది పంపమ్మ.

"దాచేదేంది టీచరమ్మా? నువ్వు ఇంతమంది పిల్లలకు చదువు చెప్పినవు, గా చదువంతా యాడ పెట్టుకున్నవు? గీడనే."

ప్రవల్లిక కళ్లు మెరిశాయి. ఆ అతుకుమీద తను ఏం గీయాలో అప్పుడే కనిపించేస్తోంది ఆమెకు. "టేపు ఇలా ఇవ్వు. ముందు నువ్వే."

చంద్రిక మెడలోంచి టేపు తీసి ఇచ్చింది. భుజాలు ముందుకు వంగబోతే ఆపుకుని నిటారుగా నిలబడింది, చేతులు పైకెత్తింది. టేపు చుట్టూ తిరిగి వచ్చింది. ప్రవల్లిక దాచలేదు, గొంతు తగ్గించలేదు. "నలభై నాలుగు," అంది గది అంతా వినేలా.

చంద్రిక కళ్లు మూసుకుని కప్పు కూలుతుందేమోనని చూసింది. కూలలేదు. బయట ప్లాంటు చప్పుడు ఎప్పటిలాగే ఉంది.

"ఊఁ, అయింది గద," అంది మహాదేవవ్వ. "తర్వాత ఎవరు? నాకు రొట్టెల పిండి కలపాలె, జల్ది కానియ్యిండ్రి."

ఆ తర్వాత జరిగింది చూసి తీరాల్సిందే. గంట కిందటిదాకా అంగుళాలు దాచుకున్న ఆడవాళ్లు, అతుకు ఎవరిది పెద్దదని పోటీలు పడ్డారు. బసమ్మకు జానెడు వచ్చింది. ఆమె చెయ్యి చాపి అందరికీ చూపించి, ఇది నలుగురు పిల్లలదని లెక్క చెప్పింది. పంపమ్మకు అంతకంటే తక్కువ వచ్చేసరికి మొహం చిన్నబుచ్చుకుంది. "మరీ అంతేనా? ఇంకోసారి చూడవే, నేను ఊపిరి బిగబట్టాను," అంది. టేపు తగలగానే అవ్వకు చక్కిలిగింతలు పుట్టి గది చుట్టూ పరిగెత్తింది. చివరకు అందరూ పాత చీరలు తెస్తామని కాలనీ రోడ్డున పడ్డారు. వాళ్ల నవ్వులు మలుపు తిరిగేదాకా వినిపించాయి. ప్రవల్లిక వెనక గదిలోకి రంగులు కలుపుకోవడానికి వెళ్లింది.

చంద్రిక నేలమీద కూర్చుని మొదటి అంగీ పక్క చీరింది. బట్ట చిరిగే చప్పుడు ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు.

తలుపు దగ్గర గొడుగు మూసిన చప్పుడైంది. హేమగారు.

"వాళ్లంతా ఏరి?"

"చీరలు తెస్తందుకు పోయిండ్రు మేడం. షో ఆపకుండ్రి. తెల్లారి వరకు అన్నీ అయితయి, మాట ఇస్తున్న."

హేమగారు లోపలికి వచ్చి తలుపు గడియ వేశారు. కొంగు చాటునుంచి పేపరు పొట్లం ఒకటి తీసి చంద్రిక ఒళ్లో పెట్టారు.

విప్పితే జాకెట్టు. ముదురాకుపచ్చది, చంకలో మరక ఉంది, హుక్కుల దగ్గర దారం తెల్లబడింది. రోజూ తొడిగేదే. దర్జీ ఇంటి అలవాటు కొద్దీ చంద్రిక దాన్ని లోపలివైపు తిప్పింది. కుడివైపు మామూలుగానే ఉంది. ఎడమవైపు లోపల, మెత్తటి గుడ్డలో దూది కూరి, గుండ్రంగా చేత్తో కుట్టి ఉంది. కుట్టు అలవాటు లేని చెయ్యి. ఒకటికి రెండుసార్లు, ఊడిపోతుందేమోనన్న భయంతో వేసిన కుట్లు.

చంద్రిక ఆ దూదిమీద వేళ్లు పెట్టింది. ఎండలో కూడా రెండు భుజాలూ కప్పుకునే ఆ కొంగు ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"నిరుడు వేసవిలో బెంగళూరులో ఆపరేషను," అన్నారు హేమగారు. "అక్కయ్య ఇంటికి వెళ్లొచ్చానని కాలనీలో చెప్పాను. మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు."

"మేడం..."

"అయ్యో అనకు, అంటే వెళ్లిపోతాను. ఇందాక నువ్వు ఆ జాకెట్లన్నీ పట్టుకుని ఎప్పటివని నిలదీస్తుంటే నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లాను. ఇంటికి పోయాక ఏడ్చాను. ఎందుకో చెప్పనా? ఇంతమందిలో ఇప్పటి కొలతకు సరిపోయే ఆది ఉన్నదాన్ని నేనొక్కదాన్నే."

చంద్రిక తలెత్తి చూసింది. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి, పెదవుల మీద చిన్న నవ్వు కూడా ఉంది.

"మీరూ నడుస్తరా?"

"ముందు ఇది చెప్పు. దూది లేకుండా కుట్టగలవా?"

చెన్నప్ప కొట్లో అలాంటి జాకెట్టు ఎవరూ కుట్టలేదు. అక్కడ రెండు వైపులా ఒక్కలాగే ఉండాలి, అదే పనితనం. చంద్రిక ఆకుపచ్చ జాకెట్టును మడిచి, పొట్లంలో పెట్టి పక్కకు జరిపింది.

"కుడత. గానీ నాకు ఆది వద్దు మేడం. టేపు పెడత."

బయట జీపు ఆగింది. హారన్ మోగింది. హేమగారి భర్త, ఎల్లుండి వార్షికోత్సవానికి ముఖ్య అతిథి. ఆమెను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాడు. ఈ మాట ఎక్కడా పొక్కకూడదని భార్య చేత ఒట్టు వేయించుకున్న మనిషి ఆయనే.

హారన్ మళ్లీ మోగింది, ఈసారి పొడుగ్గా.

హేమగారు గుమ్మంవైపు ఒకసారి చూశారు. తర్వాత భుజం మీది పిన్నుమీద చెయ్యి వేశారు.

"మోగనీ," అని పిన్ను తీసేశారు.